ఒక పాల క్యాను కథ

ఈ క్యానుది అప్పటి గుంటూరు జిల్లా, రేపల్లె దగ్గరి ఒక ఊరి పాలకేంద్రం. నలభై లీటర్లు పట్టే అల్యూమినియం ఒళ్లు, రెండు పక్కలా పిడులు, రబ్బరు రింగుతో బిగుసుకునే మూత. పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో రేకును సాగదీశారు, అతికారు, నునుపు చేశారు, లారీ ఎక్కించారు. భుజం మీద ఎర్ర పెయింటుతో కేంద్రం నంబరు రాసిన రోజు నుంచే అసలు బతుకు మొదలైందని దాని లెక్క.

మొదటి నుంచీ పాలు పోసిన ఇళ్లలో ఒక ఇల్లు క్యానుకు బాగా గుర్తు. ఆ ఇంటి మామ్మకు ఒకప్పుడు నాలుగు గేదెలుండేవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఆ తీరాన్నీ వదల్లేదు. పలుపులు విప్పే వ్యవధి కూడా లేకపోయిందని మామ్మ కేంద్రం అరుగు మీద కూర్చుని చాలాసార్లు చెప్పింది. తర్వాత అప్పు చేసి ఒక చూడి గేదెను కొన్నారు. అది ఈనాక, జున్నుపాలు అయిపోయాక, మామ్మ తెచ్చి పోసిన పాలు ఈ క్యానులోనే పడ్డాయి.

కేంద్రం రాకముందు ఆ ఊళ్లో పాలు కొనే వ్యాపారి చెంబే కొలత, అతని నోటిమాటే ధర. వెన్న ఎంతుందో చూసే దిక్కు లేదు. చలికాలం పాలు ఎక్కువ దిగితే గుమ్మంలోకి వచ్చి "రేపు వద్దమ్మా" అని పోయేవాడు. ఇక ఆ పాలు తోడుపెట్టి, చిలికి, నెయ్యి కాచి ఎంతకో అంతకు అమ్ముకోవాలి.

ఈ బాధ ఒక్క ఊరిది కాదు. గుజరాత్‌లో ఖేడా జిల్లా రైతులు కూడా ఇదే పడ్డారు. 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ ముందు నిలిచి అక్కడ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం పెట్టారు. రెండు ఊళ్లతో, రోజుకు 250 లీటర్లతో మొదలైన సంఘం అది. 1949లో ఆనంద్‌కు వచ్చిన వర్గీస్ కురియన్ అక్కడే ఉండిపోయి దాన్ని పెంచారు. గేదె పాలతో పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు చెబుతున్న కాలంలో హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955లో పాలపొడి ఫ్యాక్టరీ ఆనంద్‌లో మొదలైంది. గేదెల్ని నమ్ముకున్న తెలుగు ఊళ్లకు అందులో ఎంత మేలుందో ఈ క్యానుకు తెలుసు. చలికాలంలో మిగిలిన పాలు పొడిగా మారి ఎండాకాలానికి నిలిచాయి. "రేపు వద్దమ్మా" అనే మాట ఆగింది అందువల్లే.

ఆ పద్ధతిని దేశమంతా పట్టుకుపోవడానికి 1965లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ పుట్టింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. ఊళ్లో సంఘం, జిల్లాకు యూనియన్, రాష్ట్రానికి సమాఖ్య. గుంటూరు జిల్లా యూనియన్ 1977లో వడ్లమూడిలో ఏర్పడింది. 1981లో రాష్ట్ర సమాఖ్య వచ్చింది. ఈ క్యాను ఊరు నుంచి శీతలీకరణ కేంద్రానికి, అక్కడి నుంచి మళ్లీ ఊరికి తిరిగిన తిరుగుళ్లన్నీ ఆ గొలుసులోని మొదటి లంకెలే.

క్యాను గర్వమంతా తెల్లవారుజాము పని మీదే. ఒక గేదె ఉన్న ఒంటరి ఆడమనిషైనా, పది గేదెల ఆసామి అయినా నిలబడేది ఒకటే వరసలో. ముందు కొలత. తర్వాత చిన్న సీసాలోకి నమూనా. టెస్టరు గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం పోసి, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు జారవిడిచి, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు వేసి బిరడా బిగిస్తాడు. తిరగేసి కదిపితే గొట్టం చేతిలో కాలుతుంది, పాలు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. యంత్రంలో పెట్టి గిర్రున తిప్పి తీస్తే, వెన్న పసుపుపచ్చగా పైకి తేలి అంకెల మధ్య నిలబడుతుంది.

"ఏడు పడింది మామ్మా."

"పడదా మరి? పిల్లిపెసర మేపుతున్నాను, తెలగపిండి పెడుతున్నాను" అనేది మామ్మ. వ్యాపారి చెంబు దగ్గర ఆ తెలగపిండికి విలువ లేదు, ఇక్కడ ఉంది. నీళ్లు కలిపినవాళ్ల సంగతి లాక్టోమీటరు చెప్పేస్తుంది. లీటర్లు, వెన్న శాతం పాసుబుక్కులో పడతాయి. బిల్లు రోజున ఆ లెక్క ప్రకారమే డబ్బు, ఏడాది చివర పోసిన పాలను బట్టి బోనసు. పరీక్ష దాకా ఎవరి పాలు వాళ్లవి. ఒకసారి క్యానులో పడ్డాక అవి ఊరి పాలు.

క్యాను కోపం కూడా అక్కడే ఉంది. ఊరందరి కష్టం కలిసి ఉండే పాత్ర ఎంత శుభ్రంగా ఉండాలి? వేసవిలో పాలు నాలుగైదు గంటలు వేడిలో నిలిస్తే చాలు, పులుపెక్కుతాయి. అడుగున నిన్నటి పాలు కాస్త మిగిలినా అంత టైము కూడా పట్టదు. అలాంటి క్యానును ఒక కుర్రాడు కాలవ నీళ్లతో తొలిపి బోర్లించేవాడు. ఇంకొకడు తెల్లగా మెరవాలని ఘాటు సోడా పట్టించి రుద్దేవాడు. అది మురికితో పాటు అల్యూమినియాన్నీ తింటుంది. లారీ మీద నుంచి ఖాళీ క్యానుల్ని కిందికి విసిరేసేవాళ్లు. సొట్ట బయటికి చిన్నదే, లోపల ఆ వంపులో పాలు దాక్కుంటాయి, బ్రష్షు అందదు. ఒక ఎండాకాలం లారీ ఆలస్యమైంది, క్యాను సరిగా కడగలేదు, పాలు విరిగిపోయాయి. కోత పడింది కడగని కుర్రాడి జీతంలో కాదు, పాలు పోసిన ప్రతి ఇంటి మీదా. మామ్మ ఆ పూట బిల్లు కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆమె పాలల్లో ఏ లోపమూ లేదు. తన అడుగున ఉన్న మురికి ఆమె నోటికాడ కూడు లాగిందన్న బాధ ఈ క్యానుకు ఇప్పటికీ పోలేదు.

మరో కష్టం దాన్ని ఇంకా ఎక్కువ కాలం వెంటాడింది. కుడితి పెట్టేది మామ్మ, పేడ ఎత్తేది మామ్మ, దూడను విడిచి గేదె చేపేదాకా కూర్చునేది మామ్మ. సభ్యత్వ పుస్తకంలో పేరు మాత్రం తాతది. కోడలు వచ్చింది, పాలచెంబు ఆమె చేతికి మారింది, పుస్తకంలో కొడుకు పేరు ఎక్కింది. ఆ పాల డబ్బుతోనే పిల్లల ఫీజులు కట్టారు, ఇంటికి స్లాబు వేశారు. మహాసభ రోజు ఓటు వేసేది మాత్రం చెంబు పట్టని చేయి. 1995లో ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే నడుపుకునే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే ముల్కనూరులో ఆడవాళ్లు మాత్రమే సభ్యులుగా ఒక పాల యూనియన్ పెట్టుకుని 2002లో డెయిరీ నడపడం మొదలుపెట్టారు. ఆ కబురు విన్నప్పుడు ఈ క్యానుకు మామ్మ గుర్తొచ్చింది. అప్పటికి ఆమె లేదు.

తర్వాత కేంద్రానికి బల్క్ కూలరు వచ్చింది. పాలను ఊళ్లోనే నాలుగు డిగ్రీలకు చల్లబరిచే స్టీలు తొట్టి అది. కూలరు రావడం పాలకు మంచిదే, దాని మీద క్యానుకు కక్ష లేదు. తనను పక్కన పెట్టిన తీరు మీదే ఉంది. తోటి క్యానులు కొన్ని పొలాలకు పోయాయి. పాలు మోసిన కడుపులో పురుగుమందు కలిపారు. ఇది కేంద్రం వెనక గోడవారన పడింది. మూత నీళ్ల డ్రమ్ము మీదికి పోయింది, రబ్బరు రింగు ఎండి పగిలింది. పండక్కి వెల్ల వేసేవాళ్లు ఇందులోనే సున్నం కలిపి, కడగకుండా వదిలేశారు. సున్నం కూడా సోడా లాగే అల్యూమినియాన్ని కొరుక్కుతింటుంది. వానకు నిండింది, దోమలు గుడ్లు పెట్టాయి, ఎర్ర నంబరు సగం రాలింది. అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీసేదాంట్లో ఇరవయ్యో వంతు శక్తి చాలు. పాత ఇనప సామాన్ల బండికి వేసినా ఈ ఒంటికి ఇంకో బతుకు దొరికేది. ఆ మాత్రం ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

మామ్మ ఇంట్లో ఇప్పుడు కోడలికీ కోడలు వచ్చింది. ఊళ్లో చాలా కొట్టాలు ఖాళీ. దాణా ధర పెరిగింది, పిల్లలు హైదరాబాదు పోయారు, వట్టిపోయిన గేదెను తిరిగి చూడి కట్టేదాకా మేపే ఓపిక లేక అమ్ముకున్నారు. ఆ ఇంట్లో మాత్రం ముర్రా గేదెలున్నాయి. ఈ అమ్మాయి పాలు పోస్తే మిషనే వెన్న శాతం చూసి చీటీ ఇస్తుంది, డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది. సభ్యత్వం కూడా ఆమె పేరు మీదే తీసుకుంది.

మొన్నటి మహాసభ కేంద్రం వెనక ఖాళీ స్థలంలోనే జరిగింది. లెక్కలు చదవడం అయ్యాక ఆ అమ్మాయి లేచి, "కూలరు రోజూ ఎవరు కడుగుతున్నారండీ? ఏ టైముకి కడుగుతున్నారు?" అని అడిగింది. కార్యదర్శి కడుగుతూనే ఉన్నామన్నాడు. ఆమె కూర్చోలేదు. "విరిగితే కోత మా అందరికీ కదండీ, రాసి పెట్టండి" అంది. పక్కనున్న ఆడవాళ్లు అవునవునన్నారు. కడిగినవాళ్ల సంతకం, టైము రోజూ పుస్తకంలో ఉండాలని ఆ సభలోనే తీర్మానం రాసుకున్నారు.