ఒక్క ఫొటో కూడా పోకూడదు

చిలమత్తూరులో పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడుకునేవాళ్లు ముందు అడిగేది ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు వస్తాయి, డ్రోన్ ఉందా లేదా అని. 2019 వేసవిలో పెళ్లికొడుకు మేనమామ మాత్రం స్టూడియోలో కూర్చుంటూనే, "కెమెరా సంగతి తర్వాత చెప్పుదువులే. లోపల ఏ కార్డు ఏస్తావప్పా?" అని అడిగాడట. ఈ సంగతి నాకు చెప్పింది ఆ ఫొటోగ్రాఫరే.

మేనమామ హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో పాత వ్యాపారి. గూడు చెవి దగ్గర పెట్టి ఆడిస్తే చాలు, లోపల పురుగు పచ్చిగా ఉందో ఎండిపోయిందో చెప్పేస్తాడు. అంతటి మనిషీ తన పెద్దకొడుకు పెళ్లిలో ఒకసారి మోసపోయాడు. అప్పటి ఫొటోగ్రాఫర్ ఎక్కడో ఫుట్‌పాత్ మీద చవగ్గా కొన్న కార్డు వాడాడు. పైన 64 జీబీ అని అచ్చయి ఉంది, లోపల నిజంగా ఉన్నది 8 మాత్రమే. ఇలాంటి నకిలీ కార్డుల్లో కంట్రోలర్ చిప్‌ను అబద్ధం చెప్పేలా మార్చేస్తారు. ఎంత చోటుందని కెమెరా అడిగితే 64 అంటుంది, కెమెరా నమ్ముతుంది. ఆ 8 నిండేదాకా అన్నీ సవ్యంగానే ఉంటాయి. ఆ తర్వాత తీసినవి పాతవాటి మీద పడి వాటిని చెరిపేస్తాయి, లేదంటే ఫైలు పేరు మిగులుతుంది గానీ తెరిస్తే బొమ్మ ఉండదు. స్క్రీన్ మీద ఒక్క హెచ్చరికా రాదు. ఆ పెళ్లిలో జీలకర్రా బెల్లం దాకా ఫొటోలు వచ్చాయి, తలంబ్రాలు లేవు. లక్షలు పోసి లెన్సులు కొనేవాళ్లు కార్డు దగ్గరికొచ్చేసరికి నాలుగైదు వందలు ఎందుకు మిగుల్చుకుంటారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. లెన్సు పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, తలంబ్రాలు మళ్లీ పోయించలేరు.

అందుకే మేనల్లుడి పెళ్లికి ఆయన ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సెక్కి బెంగళూరు పోయాడు. కంపెనీ అధీకృత డీలరు, పక్కా బిల్లు ఇచ్చే దుకాణం. కార్డు మీద పెద్ద అక్షరాల్లో 170 అని చూసి, "ఇదేంది?" అన్నాడు. చదివే వేగం అని చెప్పాడు ఫొటోగ్రాఫర్. "చదివేది ఇంటికి పోయినాక కదప్పా. రాసే వేగం ఎంత?" అన్నాడాయన. నిజంగా అడగాల్సిన ప్రశ్న అదే. రాసే వేగం సాధారణంగా ఆ పెద్ద అంకె కంటే తక్కువే, దాన్ని అంత పెద్దగా అచ్చెయ్యరు. చిన్న గుర్తులు చూసుకోవాలి. క్లాస్ 10 అంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు, వీ30 అంటే కనీసం 30. మేనమామ వీ30 గుర్తు ఉన్నవే తీయించాడు. 128 జీబీది ఒకటి కాదు, 64 జీబీవి రెండు. కెమెరాలో రెండు కార్డులకు చోటుందని ఆయన ముందే కనుక్కున్నాడు.

"ఒకదాంట్లో పడిందే రెండోదాంట్లోనూ పడేట్టు పెట్టు. ఒక్క ఫొటో కూడా పోకూడదు."

తిరిగొచ్చి ఊరుకోలేదు. కార్డును చివరిదాకా నింపి, నింపినదంతా తిరిగి చదివి సరిచూసే ఉచిత సాఫ్ట్‌వేర్ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒకటుంది. నకిలీని పట్టుకోవడానికి అంతకంటే గట్టి దారి లేదు. రెండు కార్డుల్నీ దాంతో పరీక్ష చేస్తుంటే, అయిపోయేదాకా స్టూడియోలోంచి లేవలేదు. తర్వాత బిల్లు నాలుగు మడతలు పెట్టి పెళ్లికూతురి తండ్రికి పంపించాడు. పెళ్లి ఖర్చు ఆడపిల్లవాళ్లది. ఆ తండ్రి మల్బరీ తోట రైతు. చూసి, మారుమాట లేకుండా కట్టేశాడు.

ముందుగా లేపాక్షి బసవన్న దగ్గర జంటకు ఫొటోలు తీశారు. అక్కడినుంచి వీరాపురం. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు పెట్టే ఊరు అది. ఊరివాళ్లు వాటిని ఇంటిబిడ్డల్లా చూసుకుంటారు, ఎవరూ అదరగొట్టకూడదు. దూరాన నిలబడి, కొంగలు వాటంతటవే లేచేదాకా ఆగాల్సిందే. లేచినప్పుడు షట్టర్ వదలకుండా నొక్కాలి. ఆ వరసను కార్డు వెంటవెంటనే రాసుకోలేకపోతే కెమెరా బఫర్ నిండి షట్టర్ నిలిచిపోతుంది. ఆరోజు నిలవలేదు. జంట తల మీదుగా రెక్కలు విప్పిన కొంగల వరసంతా వచ్చింది. అది చూసి మేనమామ ఫొటోగ్రాఫర్ భుజం తట్టాడు.

పెళ్లి బాగా జరిగింది. కార్డు పక్కనున్న లాక్‌ను కిందికి జరిపి, ఇంకేమీ చెరిగిపోకుండా రెండింటినీ చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టాడు ఫొటోగ్రాఫర్. "ఇంటికొకటి ఇయ్యి. రెండూ ఒక్కచోట పెట్టకూడదు, ఒక ఇంట్లో ఏమన్నా అయినా ఇంకో ఇంట్లో ఉంటాది" అన్నాడు మేనమామ. ఈ మాట కూడా నూటికి నూరుపాళ్లూ సరైనదే.

రెండేళ్లు తిరక్కుండానే పిల్ల పుట్టింటికి వచ్చేసింది. ఇంకా తెమ్మన్నారు, తేలేదని కొట్టారు. పెద్దమనుషులు పంచాయతీ పెట్టారు. పెళ్లి ఫొటోలు తీసినవాడు కదా అని ఫొటోగ్రాఫర్‌ను ల్యాప్‌టాప్‌తో సహా రమ్మన్నారు. ఇచ్చిన డబ్బు వెనక్కి ఇప్పించమని పిల్ల తండ్రి అడిగాడు.

"ఏం డబ్బు?" అన్నాడు మేనమామ. "మేం పైసా ముట్టలేదు. ఇచ్చింటే కాగితం సూపియ్యి."

కట్నానికి కాగితం ఎక్కడుంటుంది? 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద పుచ్చుకోవడమూ నేరమే, ఇవ్వడమూ నేరమే. ఆడపిల్ల తండ్రి తన పొలం అమ్మిన పత్రం చూపించగలడు గానీ ఆ డబ్బు ఏ చేతిలోకి పోయిందో చూపించలేడు. ఈ సంగతి మేనమామకు బాగా తెలుసు. ఇంకో సంగతీ తెలుసు. పెళ్లి ముందురోజు రాత్రి విడిదింట్లో తన ముందు తీసిన ఫొటో ఒకటి కంటపడితే, అప్పటికప్పుడే ఫొటోగ్రాఫర్ చేత బిన్ బటన్ నొక్కించాడు. అది పోయిందని రెండుసార్లు వెనక్కీ ముందుకీ జరిపించి చూసుకున్నాడు కూడా. అందుకే ఫొటోగ్రాఫర్ వైపు నిబ్బరంగా చూసి, "కావాలంటే ఈ అబ్బినే అడగండి" అన్నాడు.

పిల్ల తండ్రి పంచె మడతలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు. "ఇది ఎయ్యి నాయనా."

ఆ కెమెరాలో బిన్ నొక్కితే స్క్రీన్ మీద కనబడుతున్న కార్డులోదే పోతుంది. రెండోదాన్ని విడిగా తెరిచి చెరపాలి. ఆ రాత్రి ఆయన అడగలేదు, ఫొటోగ్రాఫర్ చెప్పలేదు.

మంచం మీద పరిచిన తువ్వాలు. దాని మీద నోట్ల కట్టలు. నాలిక మీద వేలు తడి చేసుకుని లెక్కపెడుతున్న మేనమామ. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల తండ్రి. కింద తేదీ, గంటలు, నిమిషాలు. ఒక్క చుక్క చెదరలేదు.

మేనమామ గొంతు తడారిపోయింది. "ఇది యాడిది బావా?"

"నువ్వు బెంగళూరు దాకా పోయి ఏరి తెచ్చిన కార్డే బావా" అన్నాడు పిల్ల తండ్రి. "బిల్లు నేను కట్టినా."