నా., క్రి., విణ. : ఒక నిఘంటువు ఆత్మకథ

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పదాలకు అర్థాలు చెప్పే పుస్తకమన్న అభిప్రాయం లోకంలో స్థిరపడి ఉన్నది గానీ అది సగమే నిజం. ప్రతి ఆరోపంలోనూ, అనగా వివరించడానికి ఎత్తి రాసిన ప్రతి పదం దగ్గరా, అర్థానికి ముందు నా. అనో క్రి. అనో విణ. అనో ఒక సంకేతాక్షరం ఉంటుంది. ఆ పదం నామవాచకమో, క్రియో, విశేషణమో, అంటే వాక్యంలో అది ఏ పీట మీద కూర్చోవాలో చెప్పేది ఆ అక్షరమే. జగిత్యాల జిల్లా మేడిపల్లిలో ఒక రైతు ఇంటి గూట్లో ఉన్న ఈ నిఘంటువు తన బతుకును చెప్పుకోవాలంటే ఆ సంకేతాల చరిత్రగానే చెప్పుకోవలసి వస్తుంది. ఎందుకంటే ఇన్నేళ్లలో దీనిని తెరిచినవారందరూ అర్థం చదివారు, అక్షరం చదివినవారు అరుదు. ఉత్తమ పురుష సర్వనామానికి దీని పుటల్లో ఒక ఆరోపం ఉన్నప్పటికీ, తన గురించి చెప్పుకునేటప్పుడు నిఘంటువు ఆ పదాన్ని వాడకపోవడం నిఘంటుకర్తల నాటి నుంచి వచ్చిన మర్యాద కనుక ఇక్కడ కూడా అదే పాటించడమైనది.

ఈ నిఘంటువుకు వంశవృక్షం ఉన్నది. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయినప్పుడే ప్రతి పదం పక్కనా దాని జాతిని సూచించే పొట్టి అక్షరాలు ఉన్నాయి. క్రియలను ఆయన కర్మను కోరేవి, కోరనివి అని రెండుగా విడదీసి గుర్తు పెట్టాడు. అయితే విదేశీ విద్యార్థికి అర్థం ఒక్కటే చాలదనీ, పదాన్ని వాక్యంలో ఎలా పెట్టాలో కూడా నిఘంటువే చెప్పాలనీ గట్టిగా నమ్మి పనిచేసినవాడు ఎ.ఎస్. హార్న్‌బీ. జపానులో ఇంగ్లీషు బోధించిన ఆయన, సహచరులతో కలిసి తయారు చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డ్ వారి ప్రచురణగా లోకమంతటికీ చేరింది. క్రియ తరువాత ఏమి రావచ్చో నమూనాలుగా చూపడం అందులోని ప్రత్యేకత. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడి ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైన తరువాత ఆ దృష్టి తెలుగు బడులకు కూడా కొంత చేరింది. గూట్లోని ఈ పుస్తకం అంత గొప్పది కాదు. జగిత్యాలలో ఒక పుస్తకాల దుకాణంలో పదో తరగతి గైడ్లతో పాటు అమ్ముడుపోయిన చవక ప్రతి మాత్రమే. మొదటి పుటలో చిరునామా కింద రాసిన కరీంనగర్ జిల్లా అన్న మాట 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కొట్టివేతకు గురై, పైన జగిత్యాల అని నీలి సిరాతో వచ్చి చేరింది.

పసుపు పండే ఇల్లు కావడం వల్ల దీని పుటల అంచులు కొన్ని చోట్ల అచ్చంగా పసుపుపచ్చగా ఉన్నాయి. ఉడకబెట్టిన కొమ్ములు కళ్లంలో ఆరబోసి, పాలిష్ పట్టి, సంచులకు ఎత్తే రోజుల్లో చదువుకునే పిల్లలు చేతులు సరిగా కడుక్కోకుండానే పుటలు తిప్పిన గుర్తులవి. ఎస్ అక్షరం కింద సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్ అనే మూడు ఆరోపాలున్న పుట మీద బొటనవేలి ముద్ర మిగతా వాటికంటే చిక్కగా ఉన్నది. ఆ ముద్ర ఎన్నిసార్లు పడ్డా పక్కనున్న సంకేతాన్ని కళ్లు దాటిపోయాయనడానికి, అదే ఇంటి నోటు పుస్తకాల్లో 'హి సక్సెస్డ్' అన్న వాక్యం మళ్లీ మళ్లీ కనిపించడమే సాక్ష్యం.

ఈ పొరపాటుకు మూలం పిల్లల మందబుద్ధి కాదు. ఇంగ్లీషులో ఒకే మూలం నుంచి నామం, క్రియ, విశేషణం పుట్టే దారులు ఒకదానికొకటి పొంతన లేనివి, ఎందుకంటే ఆ భాష రెండు కుటుంబాల ఆస్తిని కలిపి అనుభవిస్తున్నది. పాత ఇంగ్లీషు సొత్తు ఒకటి: డీప్ అన్న విశేషణానికి డెప్త్ నామం, డీపెన్ క్రియ, అలాగే స్ట్రాంగ్, స్ట్రెంగ్త్, స్ట్రెంగ్తెన్. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఫ్రెంచి ద్వారా, ఆపైన పండితుల చేతుల మీదుగా లాటిన్ నుంచి వచ్చిన సొత్తు మరొకటి: డిసైడ్ క్రియకు డెసిషన్ నామం, డిసైసివ్ విశేషణం. ఈ రెండూ చాలవన్నట్టు ఏ ప్రత్యయమూ చేర్చకుండానే, అంటే పదం చివర ఏ ముక్కా తగిలించకుండానే, జాతి మార్చుకునే పదాలు వేలకొద్దీ ఉన్నాయి; వాటర్ అంటే నీరు, మొక్కలకు వాటర్ చేయడమంటే నీరు పెట్టడం. భాషాశాస్త్రవేత్తలు దీనిని శూన్య ప్రత్యయమంటారు. ఒక్కోసారి దారి వెనక్కి కూడా నడుస్తుంది. ఎడిటర్ అనే నామం ముందు పుట్టి, దాని తోక కత్తిరించగా ఎడిట్ అనే క్రియ తరువాత ఏర్పడింది.

తెలుగువారికి ఇదంతా వింతగా తోచడం అసలు వింత. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో తద్ధిత పరిచ్ఛేదం, కృదంత పరిచ్ఛేదం అని రెండు ప్రకరణాలున్నాయి. ధాతువుకు, అంటే క్రియామూలానికి, ప్రత్యయం చేరగా ఏర్పడే పదం కృదంతం. నామానికి ప్రత్యయం చేరగా ఏర్పడేది తద్ధితం. డిసైడ్ నుంచి డెసిషన్ రావడం కృదంతం దారి, బ్యూటీ నుంచి బ్యూటిఫుల్ రావడం తద్ధితం దారి. శూన్య ప్రత్యయమూ తెలుగులో లేకపోలేదు. చదువు, నవ్వు అనేవి నామాలూ క్రియలూ కూడా. ఇంతకంటే లోతైన పోలిక ధ్వనిలో ఉన్నది. ఇంగ్లీషులో బిలీవ్ క్రియ, బిలీఫ్ నామం. అడ్వైజ్ క్రియ, అడ్వైస్ నామం. యూజ్ క్రియ, యూస్ నామం. అంటే క్రియలో నాదం గల హల్లు, నామంలో నాదం లేని హల్లు. తెలుగులో ఆడు, ఆట; పాడు, పాట; ఓడు, ఓటమి అనే జంటల్లోనూ క్రియలో సరళం, అనగా డకారం, నామంలో పరుషం, అనగా టకారం ఉన్నాయి. ఏ సంబంధమూ లేని రెండు భాషలు ఒకే తీరున నడవడం యాదృచ్ఛికమే అయినా, తరగతి గదిలో పనికివచ్చే యాదృచ్ఛికం ఇది.

మేడిపల్లి మాటలో కృదంతానికి మరింత సులువైన సాధనం ఉన్నది. కోస్తావారు చేయడం, పోవడం అనేచోట ఈ ప్రాంతంలో చేసుడు, పోవుడు, వచ్చుడు, ఉడకబెట్టుడు అంటారు. ఏ క్రియకైనా ఉడు చేర్చి నామం చేయడం ఇక్కడి అయిదేళ్ల పిల్లకూ తెలుసు. విశేషణాల దగ్గర మాత్రం తెలుగు కూడా ఇంగ్లీషులాగే పరాయి కొట్టుకు పోతుంది. మౌత్ అనే నామానికి విశేషణం లాటిన్ నుంచి వచ్చిన ఓరల్ అయినట్టే, నోరు అనే నామానికి విశేషణం సంస్కృతం నుంచి వచ్చిన మౌఖిక. ఊరికి గ్రామీణ, ఏడుకు వార్షిక. ఇయర్ నుంచి యాన్యువల్ ఎట్లా వచ్చిందని విసుక్కునే విద్యార్థి వార్షిక పరీక్ష అన్న మాటను ఏ ఇబ్బందీ లేకుండా అంటూనే ఉంటాడు.

అయితే పొరపాటు ఎక్కడ పుడుతున్నది? ఈ నిఘంటువు అభిప్రాయంలో అది పుట్టేది ఇంగ్లీషులో కాదు, తెలుగు అరువు తెచ్చుకునే పద్ధతిలో. సంస్కృత పదాలకు తెలుగు ఇంచు చేర్చి క్రియలు చేసుకున్నది: నిర్ణయించు, ప్రకటించు. ఉర్దూ మాటలకు ఆయించు చేర్చింది: సతాయించు, దబాయించు, బనాయించు. ఇంగ్లీషు మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం సాధారణంగా ఏ ప్రత్యయమూ చేర్చక, పక్కన చేయు, అవు అనే రెండు సహాయ క్రియలను నిలబెట్టి ఊరుకున్నది. ఆ రెండింటికీ జాతి పట్టింపు లేదు. సెలెక్ట్ అయిండు అన్నప్పుడు వచ్చింది ఇంగ్లీషు క్రియ, సక్సెస్ అయిండు అన్నప్పుడు నామం, సీరియస్ అయిండు అన్నప్పుడు విశేషణం. మూడింటికీ తోడు ఒకటే కావడంతో వినే చెవికి మూడూ ఒకే జాతివిగా వినిపిస్తాయి. డాక్టర్ సీరియస్ అయిండు, పేషెంట్ సీరియస్ అయిండు అనే రెండు వాక్యాలకు మధ్య అర్థం ఎంత మారినా వ్యాకరణం వెంట్రుకవాసి కూడా మారదు. ఇట్లా తెలుగులో జాతి పోగొట్టుకున్న పదమే తిరిగి ఇంగ్లీషు వాక్యంలోకి పోయేటప్పుడు తాను ఏ జాతిదో చెప్పుకోలేక తికమక పడుతుంది.

దీని బరువు పరీక్ష మార్కులతో తీరేది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవారు లేని ఊరు అరుదు. అక్కడ ఎవరైనా మరణిస్తే ఊళ్లో మొదట వినబడే మాట 'ఆయన డెత్ అయిండంట' అన్నదే. శవాన్ని ఇంటికి తెప్పించుకోవడానికి రాసే దరఖాస్తు ముసాయిదా కోసం ఈ నిఘంటువు ఒకసారి ఈ ఇంటి నుంచి పక్క వాడకు పోయి వచ్చింది. దరఖాస్తు చిత్తుప్రతిలో మొదట 'హి వాజ్ డెత్' అని ఉండి, తరువాత డెత్ కొట్టివేసి డెడ్ అనీ, దానినీ కొట్టివేసి 'హి డైడ్' అనీ రాసిన కాగితం ఇంకా డి అక్షరం పుటల మధ్యనే ఉన్నది. నామం నుంచి విశేషణానికి, విశేషణం నుంచి క్రియకు సాగిన ఆ మూడు మెట్లూ వ్యాకరణ పాఠంలో చెప్పదగినవే గానీ, ఆ కాగితాన్ని ఉదాహరణగా చూపే మనసు ఏ పంతులుకూ రాకపోవడమే న్యాయం.

గల్ఫ్ ప్రయాణానికీ పదో తరగతికీ మరో లంకె ఉన్నది. పదో తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమైన, వర్గంలో పడుతుంది. అట్లాంటివారు కూలి పనికి గల్ఫ్ దేశాలకు పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. పదో తరగతి పాసైతే ఆ అడ్డు ఉండదు. ఆ పదో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో ఒక పేరాలో ఖాళీలు వదిలి, పక్కన ఇచ్చిన పదాన్ని సరైన రూపంలోకి మార్చి నింపమనే ప్రశ్న పిల్లలకు చిరపరిచితం. దానికి గైడ్లు పెద్ద పెద్ద పట్టికలు ఇస్తాయి గానీ, పట్టిక కంఠస్థం చేసిన వాడికీ ఖాళీ ముందు నిలబడ్డప్పుడు మూడు రూపాల్లో ఏది అన్నది తెలియదు. తెలియజేసేవి ఇరుగుపొరుగు పదాలే: ముందు ది గాని మై గాని ఉండి వెనుక నామం లేకపోతే అక్కడ నామం కావాలి, వెనుకనే నామం ఉంటే చాలాచోట్ల విశేషణం పడుతుంది, కర్త ఉండి క్రియ కనబడకపోతే ఖాళీలో ఉండవలసింది క్రియ.

కొంతకాలం ఈ నిఘంటువు సిరిసిల్లలో ఆ రైతు మేనల్లుడి ఇంట్లో గడిపింది. అక్కడ సాంచాల, అనగా మరమగ్గాల, చప్పుడు మధ్య దీనికి తెలిసివచ్చినది ఇంగ్ ప్రత్యయం సత్తువ. వార్పింగ్, సైజింగ్, డైయింగ్ అనేవి అక్కడ నిఘంటువు పుటల్లోని మాటలు కావు, కూలి లెక్కలు. వార్పింగ్ అయితే కార్మికుల నోట వార్పిన్‌గా అరిగి, వార్పిన్ పని, వార్పిన్ కార్మికుడు అంటూ విశేషణంగా కూడా స్థిరపడిపోయింది. ఇంగ్లీషు ఇంగ్ చేసే పనీ మేడిపల్లి ఉడు చేసే పనీ ఒకటేనని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మేనల్లుడికి జిరండ్, అంటే క్రియ నుంచి పుట్టి నామంగా నడిచే రూపం, ఒక్క పూటలో అర్థమయ్యేది. వార్పింగ్ అంటే పడుగు తోడుడు. అంతే. అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు పుటల గుర్తు కోసం పెట్టిన బతుకమ్మ చీర జరీ అంచు ముక్క ఒకటి దీనితో పాటే మేడిపల్లికి వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో అందరికీ ఫోన్లే నిఘంటువులు. వాటిలో ఉచ్చారణ వినబడుతుంది కాబట్టి ఒక మేలు జరిగింది: రికార్డ్ అనే పదంలో మొదటి అక్షరం మీద ఊనిక పెడితే నామం, రెండో అక్షరం మీద పెడితే క్రియ అన్న సంగతి అచ్చు పుస్తకం ఎంత గుర్తులు పెట్టినా చెవికి చేర్చలేదు. కానీ అడిగిన పదాన్ని ఒక్కదాన్నే చూపించడం ఫోను పద్ధతి. డిసైడ్ కోసం వెతికేవారి కంట డిసైసివ్ కూడా దారిలో పడడం అచ్చు పుటకే సాధ్యం. ఈ పుస్తకం అచ్చయిన తరువాత వాడుకలో వ్యాపించిన మాటలను ఇంటి కోడలు, ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుకునే రోజుల్లో, చివరి అట్ట లోపల పెన్సిలుతో రాసిపెట్టింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 2006లో క్రియగా చేర్చుకున్న గూగుల్ వాటిలో మొదటిది. ప్రతి మాట పక్కనా ఆమె సంకేతం రాసింది, గూగుల్‌కు నా., క్రి. రెండూ ఉన్నాయి, లాక్‌డౌన్‌కు నా. మాత్రమే ఉన్నది, అర్థాలు మాత్రం ఒక్కదానికీ రాయలేదు.