బుద్ధిగా కట్టినవాళ్లకే జరిమానా

బ్యాంకు ఉద్యోగంలో నాకు మంచి పేరు వచ్చినా, చెడ్డపేరు వచ్చినా కారణం ఒక్కటే: తారీకు. చెక్కు మీద తారీకు దిద్ది ఉంటే పక్కన పూర్తి సంతకం పడందే పాస్ చేసేవాణ్ణి కాదు. చెక్కు గడువును ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గిస్తూ రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2012 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు, మా బ్రాంచిలో దాన్ని అందరికన్నా ముందు కంఠతా పట్టింది నేనే. "ఒక్క రోజేగా సార్, పోనివ్వండి" అని బతిమాలినవాళ్లకి "ఒక్క రోజైనా రోజే" అని నీతి చెప్పి మరీ వెనక్కి పంపేవాణ్ణి. అంతటివాణ్ణి రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్ సంఘానికి ట్రెజరర్‌నయ్యాను. జనవరి 9న మెయింటెనెన్స్ కట్టిన మనిషి సెప్టెంబరు 1న కట్టినట్టు లెక్కగట్టి, 2,340 రూపాయల జరిమానా నోటీసు ఇచ్చాను. అదే జనవరిలో 28న కట్టినాయనకి పైసా వెయ్యలేదు.

ఇందులో కంప్యూటర్ పాపం ఏమీ లేదు. అది దారి పొడుగునా నన్ను వారిస్తూనే వచ్చింది. నేనే వినలేదు.

మా సంఘంలో నెలనెలా పదో తారీకులోపు కట్టాలి, దాటితే రోజుకు పది రూపాయలు. జనరల్ బాడీలో ఎప్పుడో తీర్మానం చేశారు గానీ వసూలు చేసిన ట్రెజరర్ లేడు. ఆ ఘనత నాకే దక్కాలనుకున్నాను. సెక్రటరీగారిని 2023 సంవత్సరం చెల్లింపుల ఫైలు పంపమన్నాను. ఆయన సర్కారు ఆఫీసులో చేసి వచ్చినాయన, తారీకు అంకెల మధ్య చుక్కలే పెడతాడు: 09.01.2023, 28.01.2023 అలా. చక్కగా, ఒక్క అక్షరం తేడా లేకుండా తయారుచేసి పంపాడు.

ఇక నా దగ్గరున్నది మా అబ్బాయి డాలస్ నుంచి వచ్చినప్పుడు ఇచ్చి వెళ్లిన లాప్‌టాప్. అమెరికా సెట్టింగులతోనే ఉంది. అక్కడ నెల ముందు, తేదీ తర్వాత. ఆ సంగతి నాకు తెలియదనుకుంటారేమో, బాగా తెలుసు. మనవరాలి బర్త్ సర్టిఫికెట్ చూసి "ఇదేం పద్ధతిరా, తల్లకిందులుగా" అని వాణ్ణి వెక్కిరించింది నేనే. తెలిసిన విషయం అవసరానికి గుర్తు రాకపోవడాన్ని ఏమంటారో పాఠకులే చెప్పాలి.

ఎక్సెల్‌లో ఫైలు తెరిచి, కట్టిన తారీకులోంచి గడువు తారీకు తీసేసే ఫార్ములా కొట్టాను. వరసంతా వేల్యూ ఎర్రర్. ఎందుకంటే సెక్రటరీగారు చుక్కలు పెట్టి రాసినవి ఎక్సెల్ కంటికి తారీకులు కావు, ఉత్త అక్షరాలు. అక్షరాల్లోంచి రోజులు తీసెయ్యమంటే అది ఏం తీస్తుంది? చూడ్డానికి ఆనవాలు కూడా ఉంది. మామూలుగా అంకెలూ తారీకులూ గడిలో కుడివైపుకు జరిగి కూర్చుంటాయి, అక్షరాలు ఎడమవైపుకు. నా వరసంతా ఎడమవైపే ఉంది.

సరే, తారీకులుగా మారిస్తే పోలా అని వరస మొత్తం ఎంచుకుని ఫార్మాట్‌లో షార్ట్ డేట్ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను, ఈసారి గట్టిగా. కొట్టు ముందు బోర్డు మారిస్తే లోపల సరుకు మారదని అంత వయసొచ్చినా తోచలేదు. ఫార్మాట్ అనేది గడిలో ఉన్న అంకెను ఎలా చూపించాలో చెబుతుందంతే. అక్కడ అంకే లేనప్పుడు దేన్ని చూపిస్తుంది?

ఎక్సెల్ దృష్టిలో తారీకు అంటే రోజుల లెక్క. 1900 జనవరి 1 దాని ఒకటో రోజు. అక్కణ్ణించి వరసగా లెక్కపెట్టుకుంటూ వస్తే మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 దానికి 17,394. తెలంగాణ ఏర్పడ్డ 2014 జూన్ 2 అయితే 41,792. రెండు తారీకుల మధ్య ఎన్ని రోజులో చిటికెలో చెప్పగలగడం అందుకే, అది చేసేది ఉత్త తీసివేత. ఇందులో ఒక తమాషా ఉంది. ఎక్సెల్ లెక్కలో 60వ రోజు 1900 ఫిబ్రవరి 29. అలాంటి రోజు లోకంలో లేదు, 1900 లీపు సంవత్సరం కాదు. అంతకుముందు రాజ్యమేలిన లోటస్ 1-2-3 ఆ ఏడాదిని లీపుగా లెక్కేసింది. దాని ఫైళ్లు సరిగ్గా తెరుచుకోవాలని ఎక్సెల్ కూడా తెలిసి తెలిసీ ఆ తప్పును నెత్తికెత్తుకుంది. లేని రోజుకు కూడా నంబరిచ్చిన ప్రోగ్రాము ఉన్న తారీకుల్ని కాదంటోందేమిటని అప్పట్లో విసుక్కున్నాను.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. అడ్డం వచ్చింది చుక్కలే కదా, చుక్క బదులు గీత పెడితే సరి. ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, చుక్క స్థానంలో వాలుగీత ఇచ్చి, రీప్లేస్ ఆల్ నొక్కాను. ఒక్క దెబ్బకి వరసలో చాలా గడులు గబుక్కున కుడివైపుకు దూకాయి. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత ఆనందించి ఉండను.

నిజానికి అక్కడ జరిగింది వేరు. గీతలు పడగానే ఎక్సెల్ ఒక్కో గడినీ అప్పుడే కొత్తగా టైపు చేసినట్టు చదివింది, అమెరికా కళ్లతో చదివింది. 09/01/2023 దానికి సెప్టెంబరు ఒకటి. పైకి మాత్రం 9/1/2023 అనే చూపించింది. అది సెప్టెంబరు అనుకుంటోంది, నేను జనవరి అనుకుంటున్నాను. గడిలో ఉన్నవి అవే అంకెలు కాబట్టి ఇద్దరికీ పేచీ లేదు. ఇక 28/01/2023 దగ్గరికి వచ్చేసరికి ఇరవై ఎనిమిదో నెల లేదు కదా, దాన్ని ముట్టుకోకుండా అక్షరాలుగానే ఎడమవైపు వదిలేసింది.

ఈ తిరకాసు మన ముఖ్యమైన రోజుల మీద పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికా సెట్టింగులున్న కంప్యూటర్లో 15/08, 26/01 కొట్టండి, రెండూ తారీకులు కామని మొరాయిస్తాయి. ఆ రెండింటికీ ప్రమాదం లేదు, ఎవరికైనా తేడా కనబడుతుంది. గాంధీ జయంతి 02/10 మాత్రం కిక్కురుమనకుండా ఫిబ్రవరి 10 అయిపోతుంది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 01/11 జనవరి 11 అవుతుంది, తెలంగాణ 02/06 ఫిబ్రవరి 6 అవుతుంది. ఏ నెలలోనైనా మొదటి పన్నెండు రోజులకే ఈ గండం. మా సంఘంలో కట్టాల్సిన గడువు పదో తారీకు! అంటే వేళకు కట్టిన ప్రతివాడూ ఆ పన్నెండు రోజుల్లోనే ఉంటాడు.

కొన్ని కుడికి, కొన్ని ఎడమకి ఉండేసరికి వరస ఎగుడుదిగుడుగా, చూడ్డానికి అసహ్యంగా ఉంది. చక్కగా కనబడాలని మొత్తం ఎంచుకుని సెంటర్ నొక్కాను. అన్నీ మధ్యలోకి వచ్చి బుద్ధిగా నిలబడ్డాయి. ఏవి తారీకులో ఏవి కావో చెప్పే ఒకే ఒక్క ఆనవాలును నా చేతులారా చెరిపేశాను. చేసిన వాటన్నిటిలోకీ నేను సిగ్గుపడేది దీనికే.

జరిమానా వరసలో ఇంకా అక్కడక్కడా ఎర్రర్లు మిగిలాయి. అవి ఎందుకున్నాయో చూడాలి కదా? చూడలేదు. ఇఫ్ ఎర్రర్ అనే ఫార్ములా అంతకుముందే ఒక వీడియోలో నేర్చుకున్నాను. తప్పు వస్తే సున్నా వెయ్యమని చెప్పాను, వేసింది. షీటు అద్దంలా తయారైంది. ప్రింటు తీసి, స్టాంపు కొట్టి, వాచ్‌మన్‌తో ఇంటింటికీ పంపించాను.

మర్నాడు రెండో అంతస్తులో ఉండే టీచరమ్మగారు రసీదు పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యగారూ, 234 రోజులు ఆలస్యమని రాశారేమిటండీ? జనవరి తొమ్మిదిన కట్టాను. ఇదిగో, సెక్రటరీగారి సంతకం."

"కంప్యూటర్ లెక్కమ్మా, అది తప్పు చెయ్యదు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

"అయితే రసీదు తప్పు చేసిందంటారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

సాయంత్రానికి గుమ్మంలో వరస కట్టారు. ఫిబ్రవరి 5న కట్టినాయనకి మే 2 అయి 810 రూపాయలు పడింది. నవంబరు 3న కట్టినవాళ్లు ఎవరూ రాలేదు, వాళ్లది మార్చి 11 అయింది కాబట్టి గడువుకు ఎన్నో నెలల ముందే కట్టేసినట్టు లెక్క. ఇరవై దాటాక కట్టే అలవాటున్న మహానుభావులు మాత్రం వాట్సాప్ గ్రూపులో నాకు దండాల బొమ్మలు పెట్టి, ఇలాంటి ట్రెజరర్ ఇన్నాళ్లకు దొరికాడని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు చూశాకే నాకు నిజంగా అనుమానం వచ్చింది.

మా మేనల్లుడు ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. వాణ్ణి పిలిచాను. ఫైలు చూస్తూనే సెంటర్ తీసేశాడు. వరస మళ్లీ రెండుగా చీలింది.

"ఇఫ్ ఎర్రర్ ఎందుకు పెట్టావు మావయ్యా?"

"ఎర్రర్లు అసహ్యంగా ఉన్నాయని."

"అది నీతో ఏదో చెబుతుంటే నోరు నొక్కేశావన్నమాట."

వాడు కాబట్టి అంతటితో వదిలేశాడు.

చెయ్యాల్సిన పని చాలా చిన్నది. సెక్రటరీగారి అసలు ఫైలు మెయిల్లో ఉంది కాబట్టి దాన్ని మళ్లీ తీసుకున్నాం. తారీకుల వరస ఎంచుకుని, డేటా కింద టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, మూడో మెట్టులో డేట్ ఎంచుకుని పక్కన డి ఎం వై అని పెట్టాడు. అంటే ముందు తేదీ, తర్వాత నెల, ఆపైన సంవత్సరం అని దానికి మన నోటితో చెప్పడం. ఫినిష్ కొట్టగానే దాదాపు అన్నీ నిజం తారీకులైపోయాయి. మొండికేసినవి కొన్ని మిగిలాయి. అవి బ్యాంకు వెబ్‌సైటు నుంచి కాపీ చేసి అతికించినవి, వెనకాల కంటికి కనబడని ఖాళీ ఒకటి అంటుకుని ఉంది. మామూలు ఖాళీలను తీసే ట్రిమ్‌కి అది లొంగదు, దాని కోడు 160. సబ్‌స్టిట్యూట్ పెట్టి దాన్ని పీకేస్తే అవీ దారికొచ్చాయి. పాత ఫైలు లేకపోతే ఎలా అని అడిగాను. తిరగబడ్డ వాటిలో నెలనూ తేదీనీ డేట్ ఫార్ములాతో అటూ ఇటూ మార్చుకోవచ్చట. ఏవి తిరగబడ్డాయో తేల్చుకోవడానికి ఈజ్ నంబర్ ఉంది, తారీకు అయితే ట్రూ అంటుంది, అక్షరాలైతే ఫాల్స్ అంటుంది. ఆ పరీక్ష నేను ముందే పెట్టి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. చివరగా నెలవారీ మొత్తాలు రసీదు పుస్తకంతో సరిచూశాం. బ్యాంకులో నేను రోజూ చేసిన పని అదే, ఇంటికొచ్చాక మానేసిన పనీ అదే.

నా ప్రతాపం తారీకులతో ఆగలేదని కూడా ఒప్పుకోవాలి. మా ఓనర్లలో కొందరు వేరే ఊళ్లలో ఉంటారు. వాళ్ల చిరునామాల్లో ఒకాయన డోర్ నంబరు 8-3-12. టైపు చెయ్యగానే ఎక్సెల్ దాన్ని 2012 ఆగస్టు 3 అనుకుంది. నాకు కోపమొచ్చి ఆ గడిని టెక్స్ట్‌గా మార్చాను, 41124 అయి కూర్చుంది. ఆ నంబరే కొత్త ఇంటి నంబరు కాబోలనుకుని కవరు మీద కొట్టి పంపాను. కవరు తిరిగొచ్చింది. మన ఊళ్ల డోర్ నంబర్లకీ, పొలాల సర్వే నంబర్లకీ ఈ బెడద ఉంది. టైపు చెయ్యకముందే వరసను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి, చేశాక పెడితే ఇలా రోజుల లెక్క చేతికొస్తుంది.

నా మొహం చూసి మేనల్లుడు ఓదార్చాడు. జన్యు శాస్త్రవేత్తలకూ ఇదే గతి పట్టిందట. ఎస్‌ఈపీటీ2, మార్చ్1 అనే పేర్లున్న జన్యువుల్ని ఎక్సెల్ సెప్టెంబరు 2గా, మార్చి 1గా మార్చేసేది. ఎక్సెల్ ఫైళ్లలో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాలను పరిశీలిస్తే దాదాపు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020లో మనుషుల జన్యువులకు పేర్లు పెట్టే సంఘం జన్యువుల పేర్లనే మార్చుకుంది: సెప్టిన్2, మార్చ్ఎఫ్1 అని. అంతటివాళ్లే లొంగిపోతే నేనెంత అని కాసేపు ఊరట కలిగింది. కానీ వాళ్లు ఎవరికీ జరిమానా వెయ్యలేదు.

నోటీసులన్నీ వెనక్కి తీసుకుని టీచరమ్మగారింటికి స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆవిడ కాఫీ ఇచ్చింది, రసీదు మాత్రం జెరాక్స్ తీయించి దాచుకున్నానంది. సరిచేసిన జాబితా నోటీసు బోర్డులో పెట్టాం. గ్రూపులో దండాల బొమ్మలు ఆగిపోయాయి.

అమెరికాలో ఉండి ఇక్కడి నాన్నలకు లాప్‌టాప్‌లు ఇచ్చి వెళ్లే అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒక మనవి. ఇచ్చేముందు సెట్టింగుల్లో రీజియన్ అనే చోట ఇంగ్లీష్ ఇండియా అని మార్చి ఇవ్వండి, రెండు నిమిషాల పని. నాన్నలూ, మీరు ఎవరికైనా జాబితా పంపేటప్పుడు నెలను అంకెతో కాకుండా పేరుతో రాయండి: 9 జనవరి 2023 అని.