కొల్లేటి దత్తత

కొల్లేటి లంకల్లో మంచినీళ్లు లేని ఊరు దొరుకుతుందేమో గాని, దత్తత తల్లిదండ్రులు లేని ఊరు దొరకదు. ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఒక్కో విద్యాసంస్థ ఐదేసి ఊళ్లను దత్తత తీసుకోవాలన్నారు. తీసుకున్నారు. పెంచమని మాత్రం ఎవరూ అనలేదు కదా!

విద్యాసంస్థలను మదింపు చేసే నాక్ బృందం వస్తోందన్న కబురు అందిందంటే చాలు, విశ్వవిద్యాలయాలకు పల్లెల మీద ప్రేమ పొంగుకొస్తుంది. కైకలూరు దాటాక గట్టు మీద బస్సు ఆగుతుంది. ముందుగా ఫ్లెక్సీ దిగుతుంది. దాని మీద వీసీగారి బొమ్మ కొల్లేరంత, కొల్లేరు బొమ్మ గూడబాతంత. వెనకాలే కొత్త చీపుళ్లు, ప్లాస్టిక్ తొడుగులు కూడా ఊడనివి. ఫొటోలో పడే మేరకు ఊడుస్తారు. ఫొటో కింద అక్షాంశం, రేఖాంశం, గంట, నిమిషం. జియోట్యాగ్ పడని చెత్త చెత్త కిందికే రాదు.

చీపుళ్లు బస్సెక్కాక ప్రశ్నావళి దిగుతుంది.

‘‘తాతగారూ, మీ పర్యావరణ చైతన్యం ఏ స్థాయిలో ఉందండీ? అత్యధికం, అధికం, ఓ మోస్తరు, స్వల్పం...’’

‘‘అదెలాగున్నా ఫర్లేదు గానండి బాబూ, చెరువుల మందు నీళ్లు కాలవలోకి వదిలేత్తన్నారు. ఆ నీళ్లు గేదెలకి పెట్టొచ్చా, పెట్టకూడదా?’’

‘‘అది మా సర్వే పరిధిలోకి రాదండి.’’

తాతగారికి ‘ఓ మోస్తరు’ దగ్గర టిక్కు పడుతుంది.

పరిధిలోకి రానివి ఇక్కడ ఇంకా చాలా ఉన్నాయి. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యం అన్నారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కించారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఐదో కాంటూరా, మూడో కాంటూరా అన్న తగువు ఆ తర్వాతా తెగలేదు. ఎండాకాలం ఉప్పుటేరు మీదుగా ఉప్పునీళ్లు ఎగదన్నుతుంటే, సరస్సును చూసుకుంటూ లంకవాళ్లు నీళ్ల టిన్నులు కొనుక్కుంటున్నారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలొచ్చి పడిపోతే, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పడానికి ఢిల్లీ ఎయిమ్స్ కావాల్సొచ్చింది. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, ఏలూరులో 1945 నుంచీ సీఆర్ రెడ్డి కళాశాల. చదువుకు కరువు లేని నేల ఇది. జవాబుకే కరువు.

సిద్ధాంత గ్రంథాలకు మాత్రం లోటు లేదు. ఇంకొకరి రాతతో పది శాతం దాకా పోలిక ఉన్నా ఫర్వాలేదని యూజీసీ 2018లో నిబంధన పెట్టింది. ఊరితో ఎంత శాతం పోలిక ఉండాలో ఏ నిబంధనా చెప్పలేదు. వివరాలు తెలుగులో అడిగి తీసుకెళ్తారు, ఫలితాలు ఇంగ్లీషులో బీరువాలో దాస్తారు. తాతగారు తన గురించి తాను తెలుసుకోవాలంటే ముందు టోఫెల్ రాయాలి.

పిల్లలను అని ఏం లాభం? ఆ బస్సులోనే లంక కుర్రాడొకడు ఉంటాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తుతారో, చెరువులో ఏ మందు కొడితే ఏ చేప తేలుతుందో వాడికి కంఠతా వచ్చు. ఆ మాట వ్యాసంలో రాస్తే ‘ఆధారం ఏది?’ అంటారు గైడుగారు. ఎక్కడో అచ్చయిన పత్రంలో అదే మాట కనిపిస్తే ‘ఉటంకించు’ అంటారు. వాళ్ల నాన్న చెబితే పుకారు, జర్నల్ చెబితే పరిశోధన.

కాబట్టి ఒక చిన్న సవరణ. కొల్లేటి మీద పీహెచ్‌డీ చేసేవారి వైవా ఆ ఊరి రామాలయం అరుగు మీద, తెలుగులో పెట్టండి. పరీక్షకులుగా తాతగారినీ, టిన్ను నీళ్లు మోసే ఆడవాళ్లనూ కూర్చోబెట్టండి. గేదెల ప్రశ్నకు జవాబు చెప్పాకే పట్టా. విశ్వవిద్యాలయానికి గ్రేడు కూడా ఆ అరుగు మీదే వేయించండి. అక్కడ ఏ గ్రేడు పడుతుందో పాలక మండళ్లకు బాగా తెలుసు. అందుకే ఈ ప్రతిపాదన ఏ అజెండాకూ ఎక్కదు. వాళ్లు పాసైన పరీక్షలన్నీ ప్రశ్నపత్రం వాళ్లే రాసుకున్నవి!