గుట్టు దస్త్రం

విడాకుల దస్త్రం కావాలంటే ముందు కోర్టు ఏదో తేలాలి. పెళ్లి కావలిలో, కాపురం సింగరాయకొండలో, అలిగి చేరిన పుట్టిల్లు చీరాలలో అయితే భార్య ఈ మూడు చోట్లలో ఎక్కడైనా కేసు వేయొచ్చు. ఈ-కోర్ట్స్‌ వెబ్‌సైట్‌లో కేసుకిచ్చిన 16 అక్షరాల సీఎన్‌ఆర్‌ నంబరు కొడితే సరి. పేరుతో వెతికితే వెంకటేశ్వర్లులో ‘హెచ్‌’ పడిందో లేదో ఎక్కించిన గుమస్తాకే ఎరుక. దంపతులకు డిక్రీ నకలు ఉచితం. మూడో మనిషి మాత్రం ఎందుకో చెప్పి అనుమతి తెచ్చుకోవాలి. 1955 హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్‌ ప్రకారం విచారణ తలుపులేసి చేయాలి. వివరాలు అచ్చేస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా. స్టేషన్‌ రోడ్డు టీ బంకులో భరణమెంతో, బంగారం ఎవరి బీరువాలో ఉందో అఫిడవిట్‌ అడక్కుండానే చెబుతారు. వచ్చే వాయిదా కూడా.