గుటకాచార్యులు

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దాకా ఏ పాన్ డబ్బా దగ్గర ఆగినా ఆయన కనిపిస్తాడు. డబ్బాకొకడు ఉంటాడనుకోండి. డ్యూటీ దిగినవాడో ఎక్కబోయేవాడో చెప్పలేం. చేతిలో మాత్రం ఎర్రటి ఇరవై రూపాయల స్టింగ్ ఎనర్జీ డ్రింకు సీసా. మూత తిప్పగానే తాగేయడు. ట్యూబులైటుకు ఎత్తి రంగు చూస్తాడు, వాసన పీలుస్తాడు, ఒక గుటక నోట్లో తిప్పి కళ్ళు మూసుకుంటాడు. డబ్బావాడితో సహా అందరం తీర్పు కోసం ఆగుతాం.

"బెర్రీ అంటరు గానీ అన్నా, గిది మన దగ్గుమందే. జర సల్లగున్నదంతే."

ఆ బెర్రీని ఆయన ఎన్నడూ తిన్న పాపాన పోలేదు. తిన్నవి రేగుపళ్ళు. ప్రయోగశాలే కావాలంటే సీసీఎంబీ దగ్గర్లోనే, హబ్సిగూడలో ఉంది. మాకు ఈయన నాలుక చాలు.

రుచి విషయంలో ఇంత నిక్కచ్చి మనిషి, పనితనం దగ్గరికొచ్చేసరికి పరమభక్తుడు. తాగాక నిద్ర పట్టకపోతే సీసా మహిమ. పడితే, "అలసటంత గుంజేసిందన్నా, అందుకే పట్టింది." నిజానికి కెఫీన్ అలసటను గుంజదు, ఆ కబురు మెదడుకు అందకుండా కాసేపు అడ్డం నిలుస్తుంది. ఈ మాట ఆయనతో అని చూశాను. జాలిగా చూశాడు. స్టేడియంలో సన్‌రైజర్స్ గెలిస్తే తను తాగినందుకే, ఓడితే టాస్ వల్ల. 2018లో కొబ్బరికాయ కొట్టిన నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్లకు తలో సీసా పోసుంటే ఎప్పుడో అయిపోయేదట.

ఆయన్ని ఊరికే నవ్వేయలేం. 1976లో థాయ్‌లాండ్‌లో క్రేటింగ్ డేంగ్ అని ఇలాంటిదే వచ్చినప్పుడు తాగినవాళ్ళు లారీ డ్రైవర్లు, కూలీలు. 1987లో ఆస్ట్రియాలో గ్యాసు కలుపుకుని రెడ్ బుల్ అయ్యాకే దానికి దర్జా వచ్చింది. ఆ లెక్కన నాచారం నైట్ షిఫ్టే అసలు వారసులు.

మొన్న ఉద్యోగమొచ్చిన కుర్రాడొకడు ఆయనకు ఆ ఖరీదైన రెడ్ బుల్ డబ్బానే ఇప్పించాడు. ఇప్పించి ఊరుకోక లేబుల్ చదవడం మొదలెట్టాడు.

"పిల్లలకు, గర్భిణులకు వద్దట అన్నా."

"నేను రెండిట్ల లేను గదా!"

"చక్కెర 27 గ్రాములట. ఆరు చెంచాలు!"

ఆచార్యులవారు మొదటిసారి గుటక మధ్యలో ఆగారు. చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"గీ ముచ్చట మా ఇంటామె చెవిలెయ్యకు తమ్మీ. చాయ్‌ల రెండో చెంచాకే లొల్లి చేస్తది."