మధ్యగత పద్యం: టీకా తాత్పర్య సహితం

అంకె లన్ని వరుస నారోహణముఁ జేసి
బేసి యైన నడిమి బిడ్డ నెంచి
సరిని రెంటిఁ గలిపి సగము చేయఁగ వచ్చు
మధ్యగతము, దాని మాట నమ్ము.

టీక: అంకెలు అన్ని = ఇచ్చిన సంఖ్యలనన్నింటిని; వరుసన్ = క్రమముగా; ఆరోహణమున్ చేసి = చిన్నదాని నుండి పెద్దదానికి ఎక్కించి; బేసి ఐనన్ = (వాటి లెక్క) బేసి అయినచో; నడిమి బిడ్డన్ = నట్టనడుమ నిలిచినదానిని; ఎంచి = గ్రహించి; సరిని = (వాటి లెక్క) సరి అయినచో; రెంటిన్ కలిపి = నడిమి రెండింటిని కూడి; సగము చేయఁగన్ = రెండుచే భాగింపఁగా; మధ్యగతము = ఆ పేరు గల విలువ; వచ్చున్ = లభించును; దాని మాటన్ = అది పలికినదానిని; నమ్ము = విశ్వసింపుము.

తాత్పర్యము: సంఖ్యలను వరుసగా నిలబెట్టి, నడుమనున్నదానిని, లేదా నడుమనున్న రెండింటి సగటును తీసుకొనవలెనని భావము.

వ్యాఖ్య: ఈ ఆటవెలది కవి తన పేరు చెప్పుకోలేదు. మకుటం పెట్టుకోవలసిన చోటును కూడా లెక్కకే ఖర్చు చేశాడు. ‘అంకెలు’ అన్నాడు గాని ‘సంఖ్యలు’ అనాలి. ‘సరిని’ అన్న చోట విభక్తి కాస్త బలవంతం. కవులు నిరంకుశులు కాబట్టి ఈ రెండూ వదిలేద్దాం.

మొదటి పాదానికి ‘వరుస నవరోహణముఁ జేసి’ అని పాఠాంతరం ఉంది. పండితులు పోట్లాడుకోవడానికి వీలైన చోటే గాని, ఇక్కడ ఆ భాగ్యం లేదు. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది, పెద్దదాని నుంచి చిన్నదానికి దిగినా నడుమ దొరికే సంఖ్య అదే. తెలుగు సాహిత్యంలో ఏ పాఠం తీసుకున్నా అర్థం మారని పద్యాలు అరుదు.

‘ఆరోహణముఁ జేసి’ అన్న చోటే పిల్లలకు మార్కులు పోతాయి. ఒక టిఫిన్ సెంటరు జీతాల పుస్తకం చూద్దాం. దోసె మాస్టరుకు 16 వేలు, క్లీనరుకు 9, ఒక సర్వరుకు 11, యజమాని ఇంటికి పట్టుకెళ్లేది 138, ఇంకో సర్వరుకు 12, పిండి రుబ్బే మనిషికి 10, క్యాషియరుకు 14. రాసిన వరుసలోనే నడుమ వేలు పెడితే యజమాని తగులుతాడు. ఆ హోటల్లో నడిమి జీతం లక్షా ముప్పై ఎనిమిది వేలని తేలి, క్లీనరు కళ్లు తిరిగి పడిపోతాడు. వరుస పెడితే 9, 10, 11, 12, 14, 16, 138. నడుమనున్నది 12. ఇది మధ్యగతం. అన్నీ కూడి ఏడుతో భాగిస్తే సగటు 30 వేలు వస్తుంది. ఆ హోటల్లో ముప్పై వేలకు దరిదాపుల్లో జీతం ఉన్న మనిషి ఒక్కడూ లేడు. యజమాని ఆదాయం పది లక్షలకు పెరిగినా మధ్యగతం 12 దగ్గరే కూర్చుంటుంది. చివరివాడు ఎంత దూరంలో ఉన్నాడో అది అడగదు, ఏ వైపున ఉన్నాడో మాత్రమే అడుగుతుంది.

‘అన్ని’ అన్నది పాదపూరణం కాదు. ఇద్దరు సర్వర్లకూ చెరి 12 వేలే ఇస్తుంటే రెండు పన్నెండ్లూ రాయాలి. ఒకటి చాలులే అనుకుంటే వరుసలో ఒక మనిషి మాయమవుతాడు.

‘బేసి యైన’: బేసి కావలసింది సంఖ్యలు కావు, అవి ఎన్ని ఉన్నాయన్న లెక్క. ఏడుంటే, ఏడుకు ఒకటి కలిపి సగం చేస్తే నాలుగు. ఇక్కడ జవాబు 4 అని రాసి గీత గీసే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నాలుగు అన్నది బిడ్డ నిలబడ్డ చోటు. బిడ్డ 12.

పూర్వపక్షం: వరుస పెట్టకుండా మధ్యగతం దొరకదా? దొరుకుతుంది. 1973లో బ్లమ్, ఫ్లాయిడ్, ప్రాట్, రివెస్ట్, టార్జాన్ అనే ఐదుగురు, సంఖ్యలను చిన్న చిన్న గుంపులు చేసి, మొత్తం పేర్చకుండానే నడిమిదాన్ని పట్టే దారి చూపించారు. కవి చెప్పింది లక్షణం, వారు చెప్పింది దగ్గరదారి. విరోధం లేదు.

పదో తరగతి పట్టికల్లో తరగతులూ సంచిత పౌనఃపున్యాలూ పెట్టి రాబట్టే మధ్యగతం మాత్రం ఈ పద్యంలో ఇమడదు. అక్కడ మధ్యగత తరగతి లోపల విలువలు సమంగా పరుచుకున్నాయని అనుకుని లెక్క కడతాం. అది ఊహించిన బిడ్డ.

‘దాని మాట నమ్ము’: వ్యాఖ్యాతకు పేచీ ఇక్కడే. నమ్మినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సిస్ గాల్టన్. ఇంగ్లండులోని ప్లిమత్‌లో జరిగిన పశుప్రదర్శనలో, కోసి శుభ్రం చేశాక ఎద్దు ఎంత తూగుతుందో జనం టికెట్టు కొని ఊహించారు. పనికొచ్చిన 787 చీటీలను గాల్టన్ పేర్చి, 1907లో ‘నేచర్’ పత్రికలో ఫలితం ప్రకటించాడు. నడిమి చీటీ 1207 పౌండ్లు, ఎద్దు తూగింది 1198. ఒక మనిషికి ఒక ఓటు, తలతిక్క ఊహలకు ఎక్కువ బరువు ఉండకూడదని అతని వాదం. చోద్యమేమంటే, తరువాత అతనే చెప్పిన సగటు 1197. తలతిక్కవాళ్లు రెండు వైపులా సమానంగా ఉన్న చోట సగటూ బాగానే పలుకుతుంది. ఒకే వైపున యజమాని కూర్చున్న చోటే మధ్యగతం అవసరం.

అయినా దాన్ని మాయ చేయవచ్చు. మన హోటల్ యజమాని క్లీనరును కాంట్రాక్టరు కిందికి మార్చేశాడనుకోండి. మిగిలింది 10, 11, 12, 14, 16, 138. ఇప్పుడు లెక్క సరి కనుక మూడో పాదం వర్తిస్తుంది: 12, 14 కలిపి సగం చేస్తే 13. ఎవరికీ రూపాయి పెంచలేదు, మధ్యగతం మాత్రం వెయ్యి పెరిగింది. యజమాని ఆదాయం ఇంతకుముందు మధ్యగతానికి పదకొండున్నర రెట్లు, ఇప్పుడు పదిన్నర రెట్ల చిల్లర. క్లీనరు రేపు ఉదయం కూడా అవే బల్లలు తుడుస్తాడు. మొదటి పాదంలో ‘అన్ని’ అన్నవాడు, ఆ అన్నిటిలో ఎవరెవరిని చేర్చాలో చెప్పలేదు. పద్యంలో అసలు లోపం ఇదే.

దీన్ని చాదస్తం అనుకోకండి. కంపెనీల చట్టం, 2013లోని 197(12) సెక్షన్ ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయిన ప్రతి కంపెనీ, ఒక్కొక్క డైరెక్టరు పారితోషికం ఉద్యోగుల మధ్యగత పారితోషికానికి ఎన్ని రెట్లో బోర్డు నివేదికలో చెప్పాలి. 2014లో వచ్చిన నిబంధనలు ఇంకో అడుగు ముందుకేసి, మధ్యగతం ఎలా కట్టాలో కూడా వివరణ ఇచ్చాయి: చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చాలి, నడిమిది తీసుకోవాలి, సరి లెక్కయితే నడిమి రెండింటి సగటు. అంటే మన పద్యానికి కేంద్ర ప్రభుత్వం మనకన్నా ముందే వచనంలో టీక రాసింది.

కాబట్టి నాలుగో పాదాన్ని ‘వరుసఁ జూచి నమ్ము’ అన్న అర్థంలో చదువుకోవాలని నా సవరణ. షేర్లున్న పాఠకులు ఈసారి వార్షిక నివేదిక వచ్చినప్పుడు, ఛైర్మన్ ఫొటో దాటి బోర్డు నివేదిక అనుబంధాల దాకా వెళ్లండి. డైరెక్టర్ల రెట్లతో పాటు, కంపెనీ జాబితాలో పర్మినెంటు ఉద్యోగులు ఎంతమందో కూడా అక్కడే రాసి ఉంటుంది. రెండూ కలిపి చదవండి.